గుర్రాలు తిన్న ఉలవలు

ఆదివారం పొద్దున పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో ఉలవలు ఉడికితే వీధి మొత్తానికీ తెలిసిపోతుంది, ఆ వాసన అట్లాంటిది. గంజి వంచి చారుకు పక్కన పెట్టి, గింజల్ని తాలింపు వేద్దామని గరిటె అందుకున్నానో లేదో, ఫోను మోగింది. పులివెందులలో ఉండే మా అక్క మనవరాలు. ఇప్పుడు లండన్లో ఉద్యోగం చేస్తోంది.

"అవ్వా, మన గుర్రాల తాత పేరేంది?" అంది, బాగున్నావా అని కూడా అడక్కుండా.

"ఇప్పుడాయన నీకు ఎందుకు గుర్తొచ్చినాడే?" అన్నాను.

"ఇక్కడ రెండువందల ఏండ్ల కిందటి సిపాయిల పేర్లు కూడా రాసిపెట్టి ఉండారంట. ఒక్కొక్కరివి! పేరు చెప్తే వెతుకుతా."

గుర్రాల తాత కథ మీకు చెప్పాలి. మా పుట్టిల్లు జమ్మలమడుగు. అయిదారు తరాల కింద మా వంశంలో ఒకాయన దొరల గుర్రపు దండులో పనిచేశాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా నాయన ఆ కథ చెప్పేటప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయేది. ఆయన కథలో తాత తెల్లగుర్రం మీద కత్తి పట్టుకొని ఉండేవాడు. మా అవ్వ మాత్రం వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండా, "కత్తీ లేదు, గిత్తీ లేదు. ఆయన గుర్రాన్ని కడిగేవాడు, ఆయమ్మ గడ్డి చెక్కకొచ్చేది. మా అవ్వ చెప్పింది నాకు" అనేసేది.

"పిల్లల ముందర ఏం మాటలమ్మా అవి!" అని మా నాయన కసురుకునేవారు. అవ్వ నోరు మూసుకునేది. మేమూ కత్తి కథనే పట్టుకున్నాం. ఎవరికైనా అదే బాగుంటుంది కదా!

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. మనవరాలు అడిగితే తెలియదని ఎట్లా అంటాను? "నెల రోజులు గడువియ్యి" అన్నాను. ఆ నెల రోజులూ చదివిన సంగతులే ఇవి.

మొదట దొరల రికార్డుల సంగతి. ఈ విషయంలో వాళ్ళకు దండం పెట్టాల్సిందే. ఇంగ్లండు రాజుగారి గుర్రపు దళం ఏ దేశంలో ఉన్నా, మస్టరు పట్టీ అని ఒక లెక్క రాయాల్సిందే. ఎవరికి ఎన్ని రోజుల జీతం, ఎవరు జబ్బుపడ్డారు, ఎవరు పోయారు, ఎవరు పారిపోయారు, అన్నీ అందులో ఉంటాయి. బాకా ఊదేవాడి పేరు ఉంటుంది, గుర్రాలకు నాడాలు కొట్టేవాడి పేరు ఉంటుంది. ఆ పట్టీలు లండన్ పక్కన క్యూ అనే చోట జాతీయ రికార్డుల భవనంలో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ కాగితాలు లండన్లోనే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మన కడప కలెక్టర్ల పాత ఉత్తరాలు చూడాలంటే అంతదూరం కూడా పోనక్కర్లేదు, చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసుకు పోతే చాలు.

అయితే వెతికేవాళ్ళకు పెద్ద చిక్కు ఒకటుంది. ఆ దళాల నంబర్లు ఊరికే మారిపోతుంటాయి. పెళ్ళయిన ఆడపిల్ల ఇంటిపేరు మారిపోయినట్టే! ఉదాహరణకు ఒక్క దళం కథ చెబుతాను. మన జిల్లాల తలరాత మారిన రోజుల్లో ఈ దక్షిణాదిలో తిరిగిన దళమది. 1781లో ఇంగ్లండులో పుట్టింది. అప్పుడు దాని పేరు 23వ లైట్ డ్రాగూన్స్. లైట్ డ్రాగూన్స్ అంటే వేగంగా పోయే తేలిక గుర్రపు రౌతులు. 1782లో ఓడలెక్కి మద్రాసులో దిగింది. ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన మొదటి గుర్రపు దళం ఇదే. 1786లో దాని నంబరు 19 అయింది. 1806లో స్వదేశానికి పోయింది. 1821లో రద్దయింది. నలభై ఏళ్ళ తర్వాత, 1862లో ఇంకొక దళానికి అదే 19 నంబరు ఇచ్చారు. 1922లో దాన్ని పదిహేనో నంబరు దళంతో కలిపారు. 1992లో మళ్ళీ ఇంకొక దళంతో కలిపి లైట్ డ్రాగూన్స్ అన్నారు. అన్ని ఇళ్ళు తిరిగి చివరకు పుట్టింటి పేరే వచ్చిందన్నమాట!

కాబట్టి నంబరొక్కటీ పట్టుకొని వెతికితే గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టే. నంబరుతో పాటు సంవత్సరం కావాలి. ఊళ్ళ పేర్లతో ఇంకొక తంటా. కడపను వాళ్ళు 'కుడ్డపా' అని రాసుకున్నారు, 2005 దాకా మనమూ ఇంగ్లీషులో అట్లాగే రాశాం. ఇక జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళ నోళ్ళలో పడి ఎన్ని రూపాలు ఎత్తాయో మీరే ఊహించుకోండి.

ఈ పంతొమ్మిదో దళానికి ఒక చరిత్ర పుస్తకం ఉంది. బిడల్ఫ్ అనే కల్నల్ 1899లో అచ్చువేశాడు. దళానికి పేరు తెచ్చిన యుద్ధాల్లో ఒకదాన్ని ఇక్కడ చెప్పుకోవాలి.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాన్ చనిపోయాడు. ఆ గందరగోళంలో టిప్పు చెరసాలలోంచి ధోండియా వాఘ్ అనేవాడు బయటపడ్డాడు. చెల్లాచెదరైన రౌతుల్ని పోగేసి, రెండు లోకాలకూ రాజునని బిరుదు పెట్టుకున్నాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఆర్థర్ వెల్లెస్లీ అనే కల్నల్ బయల్దేరాడు. తర్వాతి రోజుల్లో నెపోలియన్ను వాటర్లూలో ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువు ఆయనే. రెండు నెలలకు పైగా తరిమి తరిమి, 1800 సెప్టెంబరు 10న కృష్ణా తుంగభద్రల నడుమ కోనగల్ దగ్గర ధోండియాను దొరకబుచ్చుకున్నాడు. ధోండియా వైపు అయిదువేల గుర్రాలు. వెల్లెస్లీ దగ్గర నాలుగు దళాలు మాత్రమే. అందులో రెండు తెల్లవాళ్ళవి, పంతొమ్మిదీ ఇరవై అయిదూ. రెండు మన నేలవాళ్ళవి, మద్రాసు సైన్యంలోని ఒకటీ రెండూ నంబర్లవి. నాలుగింటినీ ఒకే వరుసలో నిలబెట్టి, తానే ముందుండి దూకాడు. ధోండియా అక్కడే పడిపోయాడు.

నన్ను ఆపేసిన సంగతి ఆ తర్వాతది. శత్రువు సామాన్ల మధ్య నాలుగేళ్ళ పిల్లవాడు దొరికాడు. ధోండియా కొడుకు, పేరు సలాబత్ ఖాన్. వెల్లెస్లీ ఆ పిల్లవాణ్ణి తన గుడారానికి తెప్పించుకొని సాకాడు. మన దేశం వదిలి పోయేటప్పుడు వాడి చదువుకు, పోషణకు డబ్బు కూడా ఇచ్చి పోయాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై మైసూరు రాజుగారి కొలువులో చేరి, 1822లో కలరాతో చనిపోయాడు. తండ్రిని చంపిన చేతులే బిడ్డకు అన్నం పెట్టాయి. దీన్ని మంచి అనాలో మరేమనాలో నాకు తోచలేదు. వాడి తల్లి ఏమైందో అనే ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

కోనగల్ యుద్ధం జరిగిన నెల రెండు రోజులకు, 1800 అక్టోబరు 12న, హైదరాబాదు నిజాము కంపెనీతో ఒక ఒడంబడిక రాసుకున్నాడు. తన రక్షణకు కంపెనీ సైన్యం కావాలి. ఎనిమిది పటాలాల సిపాయిలు, రెండు గుర్రపు దళాలు, అంటే వెయ్యి గుర్రాలు. వాటి ఖర్చుకు నెలనెలా డబ్బు కట్టడం ఆయనవల్ల కాదు. అందుకని టిప్పుతో జరిగిన రెండు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన సీమంతా కంపెనీకి ధారపోశాడు. కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలులో చాలా భాగం పోయాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అందులోనివే. దత్తమండలాలు అన్న పేరు అట్లా వచ్చింది. రాయలసీమ అని మనం పేరు మార్చుకునేటప్పటికి 1928 వచ్చింది.

కూతురికి పసుపు కుంకుమల కింద పొలం రాసిచ్చినట్టు, సిపాయిల జీతాల కింద, గుర్రాల దాణా కింద మన జిల్లాల్ని రాసిచ్చారన్నమాట! పెన్న ఒడ్డున పొలం దున్నుకునే మా జమ్మలమడుగు రైతును ఎవరూ అడిగింది లేదు. అడగాలని తోచను కూడా తోచలేదు.

ఆ పన్ను వసూలు చెయ్యడానికి వచ్చినవాడే మన్రో దొర. థామస్ మన్రో 1800 చివర్లో వచ్చి 1807 దాకా ఏడేళ్ళు ఇక్కడ ఉన్నాడు. అప్పటికి ఈ సీమలో ఎనభైమంది పాళెగాళ్ళు, వాళ్ళ చేతికింద వేలమంది బంట్లు. సైన్యం సాయంతో పాళెగాళ్ళను అణచి, గుడారాల్లో ఉంటూ, ఊరూరా తిరిగి, గొలుసులతో పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా లెక్క పెట్టుకున్నాడు. రైత్వారీ అని మనం బళ్ళో చదువుకున్నది అదే. వచ్చిన ఏడాది సుమారు పది లక్షల వరహాలు వసూలైతే, ఆయన పోయేనాటికి అది పదిహేను లక్షలు దాటింది. వరహా అంటే ఆ రోజుల్లో మూడున్నర రూపాయలు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత ఉండనే ఉంది. పంట గుడ్డిదైనా ఆ దాణా కట్టాల్సిందే.

అయినా మన్రోను జనం మంచివాడనే తలుచుకున్నారు. ఎందరో తమ పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. పులివెందుల వైపు గండి క్షేత్రం ఉంది కదా, శ్రావణ శనివారాల్లో మా అక్కా నేనూ పోయేవాళ్ళం. పాపఘ్ని రెండు కొండల్ని చీల్చుకొని వచ్చే చోటు. ఆ కొండల మధ్య బంగారు తోరణం ఉందనీ, అది పుణ్యాత్ములకే కనిపిస్తుందనీ, కనిపించినవాళ్ళు ఎక్కువకాలం బతకరనీ అక్కడ చెబుతారు. అది మన్రో దొరకు కనిపించిందట! 1827 జులై 6న ఆయన పత్తికొండలో కలరాతో పోయాడు. అప్పటికి మద్రాసు గవర్నరు. చెన్నైలో ఆయన విగ్రహం గుర్రం మీద ఉంటుంది. ఆ గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. శిల్పి మరిచిపోయాడని కొందరు, కావాలనే వదిలేశాడని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

జీను ఏదని అడిగేవాళ్ళున్నారు. ఆ గుర్రానికి గడ్డి ఎవరు కోశారని మాత్రం ఎవరూ అడగరు!

మా అవ్వ మాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఇక్కడే. తెల్లవాళ్ళ గుర్రపు దళంలో ఒక్కొక్క గుర్రానికి ఇద్దరు మనుషులు ఉండేవారు. కడిగి, మాలీసు చేసి, కనిపెట్టుకొని ఉండే గుర్రపువాడు ఒకరు. గడ్డి తెచ్చే మనిషి ఒకరు. ఐదువందల గుర్రాలుంటే వెయ్యిమంది! గడ్డి తేవడమంటే కొడవలితో కోసుకురావడం కాదు. మన సీమలో నిలువెత్తు గడ్డి ఎక్కడిది? నేలకు కరుచుకొని ఉన్న గరికను చిన్న పారతో వేళ్ళతో సహా చెక్కి, మట్టి పోయేదాకా కొట్టి, కడిగి, మోపు కట్టి నెత్తిన పెట్టుకొని రావాలి. మే నెల ఎండలో పొద్దంతా చెక్కితే ఒక గుర్రానికి సరిపోయేది.

ఆ పని ఎవరు చేసేవాళ్ళు? 1837 ప్రాంతంలో మన రాజమండ్రిలో కాపురమున్న జడ్జిగారి భార్య, జూలియా మైట్లండ్ అనే దొరసాని, పుట్టింటికి ఉత్తరాలు రాసేది. అవి 1843లో పుస్తకంగా వచ్చాయి. ఇక్కడ ప్రతి గుర్రానికీ ఒక మగమనిషీ ఒక ఆడమనిషీ ఉంటారనీ, గడ్డి కోసేది ఆ ఆడమనిషేననీ ఆమె ఇంటివాళ్ళకు వింతగా రాసింది. ఆ మాట చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. 'ఆయన గుర్రాన్ని కడిగేవాడు, ఆయమ్మ గడ్డి చెక్కకొచ్చేది.' చదువురాని మా అవ్వ, వత్తులు చేసుకుంటూ చెప్పింది అక్షరాలా అదే కదా!

ఇక దాణా. ఉత్తరాదిలో గుర్రాలకు శనగలు పెడితే, దక్షిణాదిలో ఉలవలు పెట్టేవారు. నానబెట్టో ఉడకబెట్టో పెట్టాల్సిందే. గుర్రానికి గుగ్గిళ్ళు అని మనం మాటవరసకు అనేది ఇదే. ఇంగ్లీషులో ఉలవల పేరే హార్స్ గ్రామ్, గుర్రపు గింజలని! మన వంటింటి దినుసుకు ఆ పేరు దండు లాయాల్లోంచి వచ్చింది. ఆ గింజల్ని దండు వెనకాల మోసింది ఎవరనుకున్నారు? ఎద్దుల మందలతో తిరిగే లంబాడీలు. మన వైపు సుగాలీలంటాం. వాళ్ళ ఎద్దులు రాకపోతే దండు ఒక్క అడుగు కదలదని వెల్లెస్లీకి బాగా తెలుసు. ఆయన ఉత్తరాల నిండా ఆ ఎద్దుల గొడవే.

1803 సెప్టెంబరు 23న అస్సయే దగ్గర మరాఠాల మీద ఇదే పంతొమ్మిదో దళం పోరాడింది. దళ నాయకుడు మాక్స్‌వెల్ అక్కడే చనిపోయాడు. ఆ గెలుపుకు గుర్తుగా దళానికి ఏనుగు బొమ్మ చిహ్నంగా వచ్చింది. 1806 జులై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడితే, ఆర్కాటు నుంచి పరుగున వచ్చి కోట తిరిగి పట్టుకున్నదీ ఈ దళమే. ఆ రోజు వందలమంది సిపాయిలు చచ్చిపోయారు. వాళ్ళ పుస్తకంలో అది పరాక్రమం. మన పుస్తకాల్లో అది రక్తపాతం. రౌతు కొద్దీ గుర్రం అన్నారు. రాసే చెయ్యి కొద్దీ చరిత్ర!

అట్లాగని మనవాళ్ళు ఏమీ రాయలేదనుకోకండి. అదే కాలంలో కాలిన్ మెకంజీ అనే సర్వే దొర, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి కథలు రాయించాడు. వాటినే కైఫీయతులంటారు. కరణాలు తమ కవిలెకట్టలు విప్పి, ఊరికి ఆ పేరెట్లా వచ్చింది, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దండు ఎప్పుడు వచ్చి పోయింది, అంతా చెప్పి రాయించారు. కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది. కడప జిల్లా కైఫీయతుల్ని సంపుటాలుగా అచ్చువేసింది వాళ్ళే. మీ ఊరి పేరు వాటిలో ఉందేమో ఒకసారి చూడండి. సొంత ఊరి పేరు అచ్చులో కనిపిస్తే కలిగే సంతోషం చెబితే అర్థమయ్యేది కాదు.

దొరల పట్టీల్లో తెల్లరౌతు పేరు ఉంది. మన కైఫీయతుల్లో రాజు పేరు, పాళెగాడి పేరు ఉన్నాయి. గడ్డి చెక్కిన ఆయమ్మ ఆ పట్టీలోనూ లేదు, ఈ కవిలెలోనూ లేదు. ఆమె ఉన్నది ఒకే ఒక్క చోట, మా అవ్వ నోట్లో. ఆ నోరు మూయించింది ఏ దొరా కాదు, మేమే. పరువు తక్కువని!

నెల తిరగ్గానే మనవరాలు మళ్ళీ ఫోను చేసింది. "పేరు దొరికిందా అవ్వా?"

"దొరకలేదు తల్లీ. కత్తి పట్టిన తాత కూడా దొరకలేదు. కానీ ఒక అవ్వ దొరికింది" అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. గరిక, పార, నెత్తిన మోపు. ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని లోపల్లోపల భయమే. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"అయితే అవ్వా, వెయ్యి గుర్రాలు ఆయమ్మలాంటోళ్ళ మీద నడిచినాయన్నమాట" అంది చివరికి. "ఈ మాట నువ్వు రాసిపెట్టు. నేను నా బిడ్డలకు చెప్తా."

అందుకే రాశాను. మీ ఇళ్ళల్లో కూడా కత్తి పట్టిన తాతలుంటారు. వాళ్ళ కథలు అందరూ చెబుతారు. గోడకు ఆనుకొని వత్తులు చేసుకునే అవ్వ మధ్యలో ఒక మాట అంటుంది చూడండి, దాన్ని మాత్రం కొట్టిపారెయ్యకండి. కాగితం, కలం తీసుకొని ఆమె పక్కన కూర్చోండి. ఏ ఊరు, ఏ కాలం, ఎవరు చెప్పగా విన్నదీ అడిగి రాసుకోండి. లండన్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

పొయ్యి మీద ఉలవలు ఉడికిపోయినట్టున్నాయి. వాసన వీధి చివరిదాకా పోయి ఉంటుంది. నేను లేవాలి.